గ్రేట్ డేన్ కుక్కకు ఇల్లు కావాలె, హన్మకొండ చుట్టుపక్కల, జర అర్జెంట్

నయీంనగర్‌వాలా
హసన్‌పర్తి పోయే రోడ్డు మీద మూతబడ్డ ధాబా ఒకటుంది, దాని ముంగట కరెంటు స్తంభానికి ఎవరో కట్టేసి పోయిన్రు. గ్రేట్ డేన్, మగది, గోధుమ రంగు, మూతి నలుపు. డాక్టరు పండ్లు చూసి నాలుగైదేండ్లు ఉంటదన్నడు. తెచ్చిననాడు పక్కబొక్కలు లెక్కపెట్టొచ్చు, చెవులనిండ గోమార్లు. టిక్ ఫీవర్, అంటే గోమార్లు కుట్టి వచ్చే జ్వరం తేలింది, ప్లేట్‌లెట్స్ బాగ పడిపోయినయ్. డాక్సీసైక్లిన్ 28 రోజుల కోర్సు అయిపోయింది, ఇప్పుడు 54 కిలోలు, ఇంకా పెరగాలె అంటున్నరు. యాంటీ రేబిస్, నైన్ ఇన్ వన్ టీకాలు రెండూ ఏయించిన, బుక్ ఉంది.

నేనుండేది కిరాయి పోర్షన్, రెండో అంతస్తు, ఒక్కటే బెడ్రూం. పొద్దున పోతే రాత్రికి వస్త. ఓనరు మంచోడే, ఇన్నొద్దులు ఏమనలే. కానీ ఇది ఖుషీ అయితే తోక ఊపుతది, ఆ తోక సందుల అటు గోడకు ఇటు గోడకు తాకి కొస పగిలింది, దసరాకని ఏయించిన కొత్త పెయింట్ మీద నడుమెత్తు దాంక రక్తం చుక్కలు. పట్టీ కడితే పీకేస్తది. ఓనరు వచ్చి చూసి నెలాఖరుకు నువ్వన్న పో, అదన్న పోవాలె అన్నడు.

ఎవరినడిగినా ఫామ్‌హౌస్‌కు ఇచ్చెయ్ అంటున్నరు. పదెకరాలు ఉందంటరు, అక్కడ రాత్రి మనిషి ఎవరుంటరంటే జవాబు లేదు. ఎవరికియ్యాలె, ఏం చూసి ఇయ్యాలె, తెలిసినోళ్ళు చెప్పున్రి. పైసలు వద్దు. పేరు భీముడు.

తీన్మార్_సీను
పేరు పెట్టేటప్పుడే ఆలోచించాలె తమ్మీ, లక్ష్మణుడని పెడితే జర తక్కువ తినేది

బాయికాడి_రాజు
మాది పరకాల దగ్గర. నాకియ్యి. బాయికాడ పెట్టుకుంట, రేకుల షెడ్డు ఉంది, మోటరు ఉంది, నీళ్ళకు కొదువ లేదు. మక్క, మిర్చి ఏసినం, కోతులు ఒక్క కంకి ఉంచుతలెవ్వు, రాత్రి పందులు. గింత పెద్ద కుక్కను చూస్తె ఒక్కటి రాదు. పొద్దున మాపు నేను పోత, అన్నం నేనే పెడత.

ఓరుగల్లు_పోరి
ఫొటో పెట్టకుండ ఇల్లు అడిగితే ఎట్ల, ఫొటో పెట్టు

నయీంనగర్‌వాలా
పెట్టిన. పక్కన ఉన్నది నా బండి, సైజు తెలుస్తదని నిలబెట్టిన.

ఓరుగల్లు_పోరి
అమ్మో దూడంత ఉంది 😳

సుబేదారి_అక్క
రాజు తమ్మీ, నీ మనసు మంచిదే, కానీ ఇది ఆ పనికి వచ్చే కుక్క కాదు. ఈ జాతిని ఒకప్పుడు యూరప్‌ల అడవిపందుల వేటకు పెంచిన మాట నిజమే, ఇప్పటి డేన్‌లు వందల ఏండ్ల సంది ఇండ్లల్ల పండుకునుడే నేర్చుకున్నయ్. పందిని చూస్తె ఇది నీ ఎనుక దాక్కుంటది. కోతులంటవా, ఒక్కటి రాదు, ముప్పై వస్తయ్, చుట్టూ చేరి కరుస్తయ్, కుక్క ఎంత పెద్దదైతే ఏంది. ఇగ ఎండాకాలం మన దగ్గర 44 దాటుతది, రేకుల షెడ్డు కింద మనిషే ఉండలేడు, పెద్ద ఒళ్ళున్న కుక్కకు వేడి దిగది, నాలుక బయటేసి ఎగపోసుకుంట ఎగపోసుకుంట పడిపోతది. చలికాలం ఉల్టా, బొచ్చు పల్చగ ఉంటది కాబట్టి బాయికాడ మంచుకు వణుకుతది.

అన్నిటికన్న పెద్ద భయం చెప్పనా, పందుల కోసం చేన్ల చుట్టు కరెంటు తీగలు పెడుతున్నరు. నువ్వు పెట్టవు, నీ పక్క చేను ఆయన పెడతడు. ములుగు, భూపాలపల్లి దిక్కు మనుషులే పోతున్నరు గా తీగలకు, కుక్క ఎంత.

జాగ పెద్దగుంటే చాలనుకుంటరు అందరు. డేన్‌కు కావల్సింది జాగ కాదు, మనిషి. పొద్దున అరగంట, మాపు అరగంట తిప్పితే మిగతాదంత పండుకునే ఉంటది, కానీ నువ్వు కూసున్న కాడికొచ్చి నీకు ఆనుకొని పండుకోవాలె. దాన్ని తీస్కపోయి చేన్ల గొలుసుకు కడితే తిండి మానేస్తది లేకుంటే రాత్రంత ఏడుస్తది.

నయీంనగర్‌వాలా
ఆనుకునుడు నిజం అక్కా. నేను వంట చేస్తుంటే వచ్చి మొత్తం బరువు నా తొడ మీద ఏసి నిలబడతది, నేను జరిగితే అది పడిపోతది.

బాయికాడి_రాజు
అక్కా ఒక మాట. ఊర్లోళ్ళు అంటే గొలుసేసి కట్టేసి మర్సిపోయేటోళ్ళని అనుకోకున్రి. మా ఊరకుక్క ఎర్రగాడు పదకొండేండ్లాయె, మా అమ్మ మంచం కిందనే పంటడు. స్తంభానికి కట్టేసి పోయింది పట్నపోళ్ళే, కార్లు ఉన్నోళ్ళే. మేము కాదు.

తీన్మార్_సీను
రాజన్న సిక్సు కొట్టిండు

సుబేదారి_అక్క
ఆ మాట ఒప్పుకుంట రాజు. నా ఆరేండ్ల అనుభవంల వాపస్ వచ్చిన కుక్కలు ఎక్కువ అపార్ట్‌మెంట్ల నుంచే. నీ ఇంట్ల, అమ్మ దగ్గర పెట్టుకుంట అంటే అది వేరే ముచ్చట. బాయికాడ అన్నవు కాబట్టి చెప్పిన.

బాయికాడి_రాజు
ఇంట్ల పెడితే ఎర్రగాడు ఊకోడు. ఊర్ల వానిదే రాజ్యం.

రాత్రిడ్యూటీ
ఇవన్ని కాదు, గవర్నమెంటు పెద్ద కుక్కలన్నిటిని బ్యాన్ చేసింది కదా? పోలీసులకు తెలిస్తే నీకే కేసు, జాగ్రత్త.

లా_పాయింట్
సగం విని చెప్పొద్దు. 2024 మార్చిల కేంద్రం రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది, 23 జాతుల లిస్టు, పిట్‌బుల్, రాట్‌వీలర్ గట్లాంటియి. గ్రేట్ డేన్ ఆ లిస్టుల లేనే లేదు. ఆ సర్క్యులర్‌ను కూడ ఏప్రిల్‌ల కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. భీముడు సేఫ్.

కేసు ఎవరి మీద అంటే, కట్టేసి పోయినోని మీద. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం, సెక్షన్ 11, పెంపుడు జంతువును దిక్కులేకుండ వదిలేస్తే నేరమే. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు.

ఓరుగల్లు_పోరి
యాభై వేలా?

లా_పాయింట్
యాభై రూపాయలు. 1960ల రాసిన్రు, గట్లనే ఉంది.

తీన్మార్_సీను
హన్మకొండ చౌరస్తాల నలుగురికి చాయ్ రాదు ఆ పైసలతోని

రాత్రిడ్యూటీ
మరి ఓనరు ఖాళీ చేయమనుడు చెల్లదు కదా? కుక్కలను ఆపొద్దని రూల్ ఉందని మా అపార్ట్‌మెంట్ల ఒకాయన కాగితం తెచ్చి చూపించిండు.

లా_పాయింట్
ఆ కాగితం జంతు సంక్షేమ బోర్డుది అయ్యుంటది. అది అసోసియేషన్లకు, మెజారిటీ ఓటేసి కూడ పెంపుడు కుక్కలను బ్యాన్ చేయొద్దని, సైజు పేరు చెప్పి ఆపొద్దని. కిరాయికిచ్చిన ఇంటి ఓనరు కథ వేరు, అది మీ ఇద్దరి అగ్రిమెంటు. రెంటిని కలపకున్రి. ఇంకోటి, కొట్లాడి ఉన్నా రెండో అంతస్తే, మెట్లే. గింత బరువు కుక్క రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగితే కీళ్ళు ఖరాబైతయ్.

కరీంనగర్_డేన్
ఇప్పుడే చూసిన ఈ ముచ్చట. మా ఇంట్ల డేన్ ఉండె, ఆడది, ఏడేండ్లు బతికింది. ఈ జాతి ఎనిమిది, మహా అంటే పదేండ్లు, అంతే. నాలుగైదేండ్లు అంటే సగం దాటింది, తీసుకునేటోళ్ళకు ఇది ముందే చెప్పు, మూడేండ్లకు ముసలిదయ్యింది అని వాపస్ తెస్తరు లేకుంటే.

మాది ఎట్ల పోయిందంటే, రాత్రి బువ్వ తిని వాకిట్ల పిల్లలతోని ఉరికింది. గంట సేపటికి కక్కబోతుంది, ఏం వస్తలేదు, తెల్లటి నురుగు, సొల్లు. పండుకోదు, నిలబడదు, ఒక్కతీరుగ తిరుగుతుంది. పొట్ట ముట్టుకుంటే గట్టిగ, డప్పు లెక్క మోగుతుంది. కడుపు ఉబ్బి మెలిక పడ్డది అది. రాత్రి పదకొండు గంటలకు ఆపరేషన్ చేసే డాక్టరు దొరకలే, హైదరాబాద్ తోవలనే అయిపోయింది. ఛాతీ లోతుగ ఉండే పెద్ద కుక్కలకు వచ్చే రోగం ఇది, గంటలల్ల ప్రాణం పోతది.

తీసుకునేటోళ్ళకు ఇది నేర్పియ్యాలె. ఒక్కసారే గిన్నెడు పెట్టొద్దు, రెండు మూడు పూటలు చేయాలె, తిన్నంక గంట సేపన్న ఉరకనియ్యొద్దు. రాత్రి ఎమర్జెన్సీకి ఏ డాక్టరుకు ఫోన్ చేయాలె, బండి ఎవరిది, ముందే రాసి పెట్టుకోవాలె. నేనైతే ఇల్లు ఎంత పెద్దదని అడగ, ఇది అడుగుత.

నయీంనగర్‌వాలా
ఇది నాకు తెల్వదన్నా. నేను రాత్రి ఒక్కసారే పెడుతున్న, రేపటి సంది మారుస్త. ఖర్చు గురించి గూడ అడుగుతున్నరు, ఎంత చెప్పాలె?

కరీంనగర్_డేన్
డ్రై ఫుడ్ అయితే రోజుకు ఆరు వందల గ్రాములు పట్టుకో, 20 కిలోల బస్తా నెల వస్తది. అన్నం, కోడి మెడలు, గుడ్లు కలిపితే తగ్గుతది, కానీ ఉడికిన బొక్కలు వద్దు, విరిగి లోపల గుచ్చుకుంటయ్. తిండి కన్న మందులే ఎక్కువ. డాక్టరు అన్నీ కిలో లెక్కన రాస్తడు. గోమార్ల మాత్ర చిన్న కుక్కకు ఒక రేటు, దీనికి ఒక రేటు.

బుల్లెట్_బాబు
నాకు ఇవ్వండి బ్రో. నా దగ్గర ఫీమేల్ డేన్ ఉంది, మేలు కోసమే చూస్తున్నా. ఏసీ రూం, చికెన్ డైలీ. రెండు సార్లు పిల్లలు పుట్టాక కావాలంటే మీరే వాపస్ తీసుకోవచ్చు.

ఓరుగల్లు_పోరి
వాపస్ అంట 🙏

సుబేదారి_అక్క
తమ్మీ నువ్వు ఫోన్ నంబర్ ఇయ్యకు ఇసుంటోళ్ళకు. ఇది రాసుకో: పిల్లలు కాకుండ ఆపరేషన్ అయినంకనే ఇస్త అను. ఆ ఒక్క మాట అంటే సగం మంది అడుగుడు బందు చేస్తరు. పిల్లల కోసం వచ్చినోడు పిల్లలైనంక మళ్ళ స్తంభం దగ్గరికే తోలుతడు.

బుల్లెట్_బాబు
అక్కా అందరినీ ఒకే గాటన కట్టకండి. నా డాగ్ ఇన్‌స్టా చూడండి ముందు.

కరీంనగర్_డేన్
బాబు, మీ కుక్క వయసెంత, హిప్ ఎక్స్‌రే, గుండె స్కాన్ చేయించినవా? ఈ జాతిల గుండె కండరం పెద్దగయ్యే జబ్బు ఎక్కువ, కన్నోళ్ళ నుంచి పిల్లలకు వస్తది. పుట్టు పూర్వోత్తరాలు తెల్వని మగదాన్ని తెచ్చి కలపొద్దు.

బుల్లెట్_బాబు
స్కాన్ అంటే డెలివరీ టైంలో చేయిస్తాం కదా

తీన్మార్_సీను
అయిపాయె

రాత్రిడ్యూటీ
ఓనరు ఎవరో తెలిపే చిప్ ఉందేమో స్కాన్ చేయించినవా? కొన్నిటికి మెడ దగ్గర చర్మం కింద ఉంటది. ఒకవేళ ఎవరిదన్న దొంగతనం చేసి తెచ్చి భయపడి వదిలేసిన్రేమో.

నయీంనగర్‌వాలా
చూపించిన, లేదు. మెడకు పాత పట్టా గుర్తు ఉంది, బొచ్చు ఊడి నల్లగ. మోచేతుల కాడ గట్టిగ కాయలు కాసినయ్, అంటే బండల మీదనే పండుకోబెట్టిన్రు చాన రోజులు. ఇప్పుడు దూది పరుపు ఒకటి ఏసిన, మెత్తబడుతున్నయ్.

ఆపరేషన్ గురించి డాక్టరు ప్లేట్‌లెట్స్ పూర్తిగ పెరిగి ఇంకోసారి రక్తపరీక్ష మంచిగొస్తేనే మత్తు ఇస్త అన్నడు. మామునూరు వెటర్నరీ కాలేజీల చూపించాలె అనుకుంటున్న.

కరీంనగర్_డేన్
ఆపరేషన్ అయ్యేటప్పుడే కడుపును లోపలి గోడకు కుట్టేయమని అడుగు. ఉబ్బు ఆగకపోవచ్చు గని మెలిక పడుడు తగ్గుతది. ఒకే మత్తుల రెండూ అయితయ్.

హసన్‌పర్తి_టీచరమ్మ
ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను, ఏం రాయాలో తెలియక ఆగాను. మాది హసన్‌పర్తిలో సొంత ఇల్లు, కింది అంతస్తే, గేటు ఎత్తుగా ఉంటుంది. నేను, మా సారు. ఇద్దరం రిటైర్ అయ్యాం, పగలంతా ఇంట్లోనే. పోయినేడు దాకా జర్మన్ షెపర్డ్ ఉండేది, పన్నెండేళ్ళు మాతోనే ఉంది. మా సారు పొద్దున ఐదింటికే చెరువు కట్ట మీదికి నడకకు పోతారు, చేతిలో గొలుసు లేక ఆయనకు తోచడం లేదు. మాకు ఇస్తారా?

ఓరుగల్లు_పోరి
ఇచ్చెయ్ ఇచ్చెయ్ ఇచ్చెయ్

రాత్రిడ్యూటీ
మేడం ఏమనుకోవద్దు గని, షెపర్డ్ ముప్పై, ముప్పై ఐదు కిలోలు. ఇది 54, ఇంక పెరుగుతది. చెరువు కట్ట మీద ఇంకో కుక్కను చూసి ఒక్క గుంజు గుంజితే సారు కింద పడ్డరంటే తుంటి బొక్క. నేను ఆర్థో వార్డుల డ్యూటీ చేస్త, ఇసుంటియి చూసిన.

హసన్‌పర్తి_టీచరమ్మ
మీరు చెప్పింది సబబే. ఆయనకు అరవై నాలుగు, మోకాలు కొంచెం నొప్పి. అది దాచను.

సుబేదారి_అక్క
వయసు చూసి కాదనొద్దు. మెడపట్టా బదులు ఛాతీకి ముందు కొక్కెం ఉండే హార్నెస్ ఏస్తే గుంజితే అదే పక్కకు తిరుగుతది, బలం సగం పోతది. తమ్మీ, ఇది గొలుసు గుంజుతదా?

నయీంనగర్‌వాలా
కుక్కలను చూసి గుంజదు, ఎనుకకు జరుగుతది. పిల్లులంటే మటుకు చెవులు లేపుతది. డీజే అంటే ప్రాణం పోతది, నిమజ్జనం రోజు బాత్రూంల దూరి బకెట్టు ఎనుక తల పెట్టి కూసుంది, ఒళ్ళంత బయటే ఉంది గని తలకాయ దాచుకుంది. టీచరమ్మా, మీ దగ్గర చిన్న పిల్లలున్నరా?

హసన్‌పర్తి_టీచరమ్మ
దసరాకు మనవలు వస్తారు, చిన్నదానికి మూడేళ్ళు. పక్కింటి పిల్లి మా గోడ మీదే ఉంటుంది రోజంతా.

రాత్రిడ్యూటీ
మూడేండ్ల పాప ఎత్తు, దీని తోక ఎత్తు ఒక్కటే

కరీంనగర్_డేన్
దసరాకు ముందు ఇచ్చి, పండుగ ఇల్లు, పిల్లలు, పటాకులు అన్నీ ఒక్కసారే దాని నెత్తిన పెడితే ఏ కుక్కైనా బెదురుతది. కొత్తింటికి అలవాటు పడడానికి నెలలు పడతది, మొదటి వారం కుక్క అసలు రూపం బయట పడదు. ఇప్పుడే ఇచ్చి, పిల్లలు వచ్చినప్పుడు విడిగ ఒక రూంల పెట్టే ఏర్పాటు ఉంటేనే. లేకుంటే దీపావళి అయినంక.

నయీంనగర్‌వాలా
దీపావళి దాంక నా ఓనరు ఆగడన్నా

సుబేదారి_అక్క
రాసి ఇయ్యకు, దత్తత కాగితం మీద సంతకం పెట్టకు ఇప్పుడే. ట్రయల్ అను. మొదలు సారుని మీ ఇంటికి పిలువు, మెట్లు దింపి ఆయన చేతికి గొలుసు ఇచ్చి గల్లీ అంత తిప్పియ్యి, నువ్వు ఎనుక ఉండు. తర్వాత వాళ్ళ ఇల్లు చూడు. గచ్చు నున్నటి టైల్సా? కాళ్ళు జారుతయ్ పెద్ద కుక్కలకు, గోనె పట్టాలో పాత చాపలో పరవాలె. గేటు కింద సందు, నీళ్ళ సంపు మూత, అన్నీ చూడు. ఏమన్న తేడా వస్తే నాకు వాపస్, ఎవరికో ఇయ్యొద్దు అని ముందే మాట తీస్కో.

నయీంనగర్‌వాలా
సారు వచ్చిన్రు ఇయ్యాల. మెట్ల మీద భీముడు ముందు, సారు ఎనుక. కింద దిగినంక ఆయన ఏం మాట్లాడలే, గోడకు ఆనుకొని నిలబడ్డరు, ఇది వచ్చి ఆయనకు ఆనుకుంది. "బరువుంది పో" అన్నరు. గల్లీల రెండు ఊరకుక్కలు మొరిగితే ఇది సారు పంచె ఎనుకకు పోయింది. గుంజలే. మోకాలు గురించి నేనే అడిగిన, పొద్దున నడక నేను, మాపు నడక పక్కింటి డిగ్రీ పిల్లగాడు తిప్పుతడు అన్నరు, ఆ పిల్లగానితోని మాట్లాడిన, షెపర్డ్‌ను గూడ వాడే తిప్పేటోడంట.

ఇల్లు చూసిన. టైల్సే, కానీ హాల్ల చాపలు పరిచిన్రు అప్పటికే. సంపు మూత సిమెంటుది. మనవలకు పై రూం, భీమునికి కింద స్టోర్ రూం ఖాళీ చేస్తున్నరు, తలుపుకు అడ్డం చెక్క గేటు చేపిస్తున్నరు. రాత్రి డాక్టరు గురించి అడిగితే టీచరమ్మ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూపించింది. ఈ చర్చ చదివినంకనే రాసిన్రంట.

కరీంనగర్_డేన్
ఇగ అడగడానికేం లేదు.

రాత్రిడ్యూటీ
నాకింక మోకాలు మీద అనుమానమే. హార్నెస్ పైసలు నేను పంపుత, మంచిది కొను.

బుల్లెట్_బాబు
మా దాని కోసం కూడా డాక్టర్‌ని అడిగా, గుండె స్కాన్ చేయించుకోమన్నారు. వెటకారాలు ఆపండి ఇంక.

తీన్మార్_సీను
శభాష్ బాబు, ఇది వెటకారం కాదు

నయీంనగర్‌వాలా
ఒక్కటే ఇబ్బంది. ఇది ఆటో ఎక్కుతలేదు. మామూలు ఆటోల తల పడితే ఒళ్ళు పట్టదు. కార్ ఉన్నోళ్ళు ఎవరన్న ఉన్నరా ఆదివారం?

బాయికాడి_రాజు
నా ట్రాలీ ఆటో ఉంది. యూరియా కోసం ఎట్లైనా హన్మకొండ వస్తున్న, లైన్ల నిలబడుడే పని. పొద్దుగాల ఏడింటికి నయీంనగర్ వస్త, కింద గడ్డి పరిచి తీస్కపోదాం, ఎనుక నువ్వు గూడ కూసోవాలె పట్టుకొని.

తీన్మార్_సీను
యూరియా దొరకకపోతే ఏంది రాజన్న, ట్రాలీ ఖాళీగ పోదు

బాయికాడి_రాజు
దొరికితే బస్తాలు గూడ దాని పక్కనే ఏస్త. తినదు గద?

సుబేదారి_అక్క
యూరియా నాకితే కడుపు ఖరాబై కక్కుతది, బస్తాలు వాపస్ వచ్చేటప్పుడు ఏసుకో రాజు. తమ్మీ, పొద్దున బువ్వ పెట్టకుండ ఎక్కియ్యి, దిగినంక గంట ఆగి పెట్టున్రి. రక్తపరీక్ష కాగితాలు, టీకాల బుక్కు టీచరమ్మ చేతికే ఇయ్యి.